నాలుగక్షరాల దగ్గర

ఫిల్మ్‌నగర్, హైదరాబాద్
జూన్ 12

వదినకు మహతి నమస్కారాలు.

పన్నెండేళ్లుగా ఒక ప్రశ్న నాతోనే తిరుగుతోంది. ఇవాళ అడుగుతున్నాను. విడుదల కాని సినిమాని ఇంటర్నెట్‌లోకి వదిలింది నువ్వేనా అని సౌండ్ ఇంజనీర్ల సంఘం వాళ్లు అడిగినప్పుడు అన్నయ్య ఒక్క మాటైనా ఎందుకు అనలేదు? అవుననలేదు, కాదనలేదు. చేతులు కట్టుకుని, వాళ్ల నెత్తిన తిరిగే ఫ్యాను చప్పుడు వింటున్నవాడిలా నిలబడ్డాడట. నీతోనైనా ఏమైనా అన్నాడా?

ఫోన్ చేసి అడగొచ్చు. కానీ నువ్వు డిస్కుతో పంపిన చీటీలో రాసింది నిజమే. ముందుగదిలో మైక్‌సెట్ షాపు, వెనకగదిలో కాపురం. అన్నయ్య చెవులకి గోడలు అడ్డం కావు. నీ బడి చిరునామాకే రాస్తాను. టీచరమ్మకి హైదరాబాదు నుంచి ఉత్తరాలేమిటని పిల్లలు అనుకుంటే ఆ తంటా నువ్వే పడాలి.

అన్నయ్య పాత డిస్కు అందింది. సంఘం వాళ్లు వేసిన సీలు అలాగే ఉంది. బీరువాలో చీరల అడుగున ఇన్నేళ్లూ ఉన్నా అన్నయ్య దాన్ని చింపలేదంటే నమ్మలేకపోయాను. నువ్వడిగినవి చిన్ని చిన్నప్పటి ఫోటోలేగా, ఒక్క పూట పని అనుకున్నాను. కానీ మీ గోదావరి తేమకి లోపల పేర్ల పట్టిక చెడిపోయింది. ఫైళ్లన్నీ ఉన్నాయి, ఏదేమిటో చెప్పే పేర్లు లేవు. ఊరంతా నిద్రలోనే లేచి, తమ పేర్లు మర్చిపోయి, వీధుల్లో మెల్లగా నడుస్తున్నట్టు ఉంది.

అలాంటప్పుడు మేం ఏం చేస్తామో చెబుతాను. పోస్టులో వచ్చిన కవరు నాలుగు మూలలా పసుపు ఉంటే, విప్పకుండానే శుభలేఖ అని నీకు తెలిసిపోతుంది కదా. ఫైళ్లకీ మొదట్లో అలాంటి గుర్తు ఒకటి ఉంటుంది. ఫోటో అయితే ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. కంప్యూటర్‌ని నడిపించే విండోస్ ఫైళ్లు ఎం, జడ్ అనే రెండు అక్షరాలతో మొదలవుతాయి. ఆ పద్ధతి కట్టిన ఇంజనీరు తన పేరులోని పొడి అక్షరాలు అక్కడ పెట్టుకున్నాడు. ఆయన్ని ఎవరూ తలుచుకోరు, కానీ ప్రపంచంలో ప్రతి రోజూ కోట్ల సార్లు ఆ రెండు అక్షరాలు చదవబడుతూనే ఉంటాయి. పైన రాసిన పేరు ఎవరైనా మార్చగలరు. లోపలి గుర్తు మాత్రం ఊరికే అబద్ధం చెప్పదు.

మూడు రోజులు కూర్చుని నాలుగు వందల పన్నెండు ఫోటోలు ఏరాను. చిన్ని బోర్లా పడినది, పాలగిన్నె నెత్తిన బోర్లించుకున్నది, అన్నయ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏడుస్తున్నది, అన్నీ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి పంపుతున్నాను.

ఇంకో పెద్ద ఫైలుంది. దాని సంగతి తర్వాత రాస్తాను.

మహతి


రామచంద్రపురం
జూన్ 24

చిరంజీవి మహతికి వదిన ఆశీస్సులు.

అమ్మాయ్, ఫోటోలు చూసి నేనేడ్చాను, చిన్ని నవ్వింది. పదిహేడేళ్ల పిల్లకి తన బోసినోరు చూస్తే నవ్వే వస్తుంది. పాలగిన్నె ఫోటో కాలేజీ స్నేహితులందరికీ పంపించి, "మా అత్త పాతాళంలోంచి తవ్వి తీసింది" అని రాసుకుంది. మీ అన్నయ్యకి మాత్రం మా అమ్మావాళ్లింట్లో దొరికాయని చెప్పాను. నమ్మారో లేదో. "మీ అమ్మావాళ్లింట్లో ఇన్నేళ్లకి ఒక మంచి పని జరిగింది" అన్నారు.

ఇక నీ ప్రశ్న. నాతో కూడా ఏమీ అనలేదు. అడిగితే, "రికార్డింగ్ జరుగుతున్నప్పుడు మాట్లాడకూడదు" అనేవారు. ఎవరేం రికార్డు చేస్తున్నారు మహానుభావా అని తల బాదుకునేదాన్ని. ఆ వారమంతా యూసఫ్‌గూడ ఇంట్లో గుమ్మం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎనిమిదో రోజు లేచి సామాను కట్టమన్నారు. సంఘం కార్డు పోయింది కాబట్టి ఏ స్టూడియో గుమ్మమూ ఎక్కనివ్వరు. మా పుట్టింటి ఊరొచ్చి ఈ షాపు పెట్టారు. పెళ్లిళ్లకి, సంతాప సభలకి, ఎన్నికలకి మైకులు కడతారు. కట్టాక అందరిలా వెళ్లిపోరు, దూరంగా పొలం గట్టు మీద నిలబడి వింటారు. "ఈ ఊళ్లో మైకు కాదు, గాలి బాగుంది" అంటారు. వంటింట్లో కుక్కరు మూడో కూత కూయబోతుంటే ముందే షాపులోంచి కేకేస్తారు. నువ్వు ఉత్తరాలు అన్నది అందుకే మంచిదయింది.

నాకు తెలిసింది ఒకటే. ఎవడో కంప్యూటర్ మనిషి డిస్కులన్నీ పరీక్ష చేసి, ఈయన డిస్కులో సినిమాకి దొంగపేరు పెట్టి దాచారని కాగితం రాసిచ్చాడట. ఆ రాసిన చెయ్యి పడిపోను! దొంగపేరు మాట నిజమే. అది ఎందుకో ఆ మహానుభావుడికేం తెలుసు? మీ అన్నయ్య తెల్లారి లేచి ఎక్కడెక్కడికో వెళ్లి గాలినీ, ఆకుల్నీ, ఖాళీ గదుల్నీ రికార్డు చేసుకొచ్చేవారు కదా. సినిమాలో ఎవరూ మాట్లాడని చోట కూడా ఏదో ఒక నిశ్శబ్దం వెయ్యాలిట. ఆ స్టూడియో గదిలో మిగతావాళ్లు వాటిని తెరిచి, ఏమీ వినపడక, ఖాళీ ఫైళ్లనుకుని జాగా కోసం చెరిపేసేవారు. రెండుసార్లు అలాగే పోయాయి. మూడోసారి ఈయన కంప్యూటర్ సొంత ఫైళ్ల పేర్లు పెట్టేశారు. డీఎల్ఎల్ అనో ఏదో అంటారే, అదే. "ఇప్పుడు ముట్టుకోమను, చచ్చినా ముట్టుకోరు" అని ఆ రోజు ఎంత సంబరపడ్డారో!

పెద్ద ఫైలు సంగతి మూటగట్టి దాచకు. వెంటనే రాయి.

మీ వదిన,
సీతామహాలక్ష్మి


ఫిల్మ్‌నగర్
జులై 9

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏ పనీ చెయ్యలేదు. మా ఆఫీసు కిటికీలోంచి ఒక బండరాళ్ల గుట్ట కనపడుతుంది. సగం కొట్టేసి ఇల్లు కట్టారు, మిగతా సగం అలాగే ఉంది. కింద వీధిలో సెట్టు కోసం చేసిన ప్లాస్టరు ఏనుగు ఒకటి వర్షానికి తడుస్తూ నెలరోజులుగా నిలబడి ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను.

పెద్ద ఫైలు సంగతి చెబుతాను. దాని మొదటి నాలుగు బైట్లు ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్. అంటే అది కంప్యూటర్ సొంత ఫైలు కాదు. కానీ ఆ నాలుగక్షరాలు పెట్టె మీద పేరు లాంటివి. ఆ పెట్టెలో శబ్దమూ పెట్టొచ్చు, సినిమా బొమ్మలూ పెట్టొచ్చు. లోపల ఏదుందో తెలియాలంటే తర్వాతి నాలుగు దాటి, తొమ్మిదో బైటు నుంచి చదవాలి. అక్కడ ఏవీఐ అని ఉంటే సినిమా. వేవ్ అని ఉంటే శబ్దం.

ఇక్కడ వేవ్ అని ఉంది, వదినా.

మొత్తం ఎనభై ఒక్క నిమిషాలు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మొదట అన్నయ్య గొంతు, "జూబ్లీహిల్స్, చెక్‌పోస్టు వెనక గుట్ట, పొద్దు పొడుస్తోంది." తర్వాత ఏమీ లేదు. ఏమీ లేదనుకున్నది పది నిమిషాలకి మెల్లగా విచ్చుకుంది. రాళ్ల మధ్యనుంచి గాలి. ఎక్కడో దూరంగా, పార్కు వైపు నుంచి నెమలి. గుడి గంట ఒక్కసారే. నీళ్ల ట్యాంకరు గేరు మార్చి ఎత్తు ఎక్కుతోంది. ఎవరో ఇంటి ముందు నీళ్లు చల్లుతున్నారు. నేను కుర్చీలో ఉన్నానో, ఆ బండ మీద ఉన్నానో తెలియలేదు. అప్పటికి మెట్రో స్తంభాలు లేవు. ఊరు ఇంకా కళ్లు తెరవకముందు ఒత్తిగిల్లుతున్నట్టు ఉంది. నలభయ్యో నిమిషంలో వాచ్‌మన్ ఒకాయన వచ్చాడు.

"ఏంది సార్, గీడ ఏం జేస్తున్రు?"

"చప్పుడు పట్టుకుంటున్నానయ్యా."

"చప్పుడేడుంది సార్? ఏం లేదు గద!"

"అదే పట్టుకుంటున్నా."

ఆయన గొంతు తగ్గించి, "జర జల్ది పట్టుకోండ్రి. సేటు లేస్తే నాకు పరేషాన్" అన్నాడు. అన్నయ్య నవ్వు ఆపుకోవడం వినిపిస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. రెండు ఊపిరులు.

అది సినిమా కాదు. ఎన్నడూ కాదు. కానీ సైజు అచ్చం బయటికి పోయిన సినిమా కాపీ అంతే ఉంది. రెండు సీడీలంత. పైగా ప్లే చేసి చూడడానికి వీల్లేదు. మళ్లీ ఇంకెవరి చేతికైనా చిక్కుతుందేమోనని, తెరవకూడదు, కాపీ చెయ్యకూడదు, రకం మాత్రం రాసివ్వాలని నిర్మాతల షరతు. ఆ పరీక్ష చేసినవాళ్లు నాలుగక్షరాలు చదివి, సైజు చూసి, దొంగపేరు చూసి, అక్కడితో ఆగిపోయారు.

అన్నయ్యకి ఇంకా చెప్పకు. ఎలా చెప్పాలో ఆలోచించనీ.

మహతి


రామచంద్రపురం
జులై 19

బంగారుతల్లి మహతికి,

స్టాఫ్ రూములో నీ ఉత్తరం చదివి, పక్కన అనసూయమ్మ టీచరు "ఏమైందండీ" అంటుండగానే బయటికొచ్చి చెట్టు కింద నిలబడ్డాను. నాకు తెలుసు! మా ఆయన దొంగ కాదని నాకు తెలుసు. కానీ తెలియడం వేరు, కాగితం మీద ఉండడం వేరు. చిన్ని ఎనిమిదో తరగతిలో ఉండగా ఎవరో పిల్ల "మీ నాన్న సినిమా దొంగటగా" అంటే, ఇంటికొచ్చి నన్నడగలేదు, వాళ్ల నాన్ననడిగింది. ఆయన "నువ్వేమనుకుంటున్నావు?" అన్నారు. ఆ పిల్ల "నాకు తెలీదు" అంది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

చిన్నికి నేను చెప్పాలి. నోటిమాటగా కాదు, సంఘం ముద్ర ఉన్న కాగితం చేతిలో పెట్టి చెప్పాలి. ఆ పని నువ్వే చెయ్యగలవు. అంత పెద్ద స్టూడియోలో నీ సంతకం పడందే సినిమా థియేటరుకి వెళ్లదని చిన్ని ఊరంతా చెబుతుంది. నువ్వు చెబితే వింటారు.

ఆ నాలుగక్షరాల పండితుడెవడో పేరు కనుక్కో. నేనేం చెయ్యను, ఒక ఉత్తరం రాస్తాను అంతే. తొమ్మిదో అక్షరం దాకా చదివే ఓపిక లేనివాడు నలుగురి బతుకు మీద సంతకం ఎలా పెట్టాడని అడుగుతాను.

మీ వదిన


ఫిల్మ్‌నగర్
ఆగస్టు 21

వదినా,

నెలరోజులు జవాబు రాయలేదు. నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. ఇది చింపను.

ఆ పేరు నాదే.

ఆ రోజుల్లో బంజారాహిల్స్‌లో కంప్యూటర్ కంపెనీ అని మీకు చెప్పాను కదా, వాళ్లు చేసేది డిస్కుల పరీక్షే. నిర్మాతల ఆఫీసు నుంచి తొమ్మిది డిస్కులు వచ్చాయి. ఒక్కదాని మీదా మనుషుల పేర్లు లేవు, అంకెలే. పక్షపాతం ఉండకూడదని అలా చేశారు. ఏడో నంబరు డిస్కులో డీఎల్ఎల్ పేరుతో అంత పెద్ద ఫైలు కనిపించింది. అలాంటివి అంత పెద్దవి ఉండవు. మొదటి నాలుగు బైట్లు చూశాను. దొంగపేరుతో దాచిన వీడియో అని రాశాను. మర్నాటికి కాగితాలు వెళ్లిపోయాయి. వారం తర్వాత అన్నయ్య పేరు బయటికొచ్చింది.

నువ్వు తిట్టిన తిట్లన్నీ నాకు చేరాయి. చేరవలసిన చోటికే.

ఇన్నేళ్లలో పెళ్లిళ్లలో, కార్యాల్లో అన్నయ్య నా పక్కన కూర్చుని భోంచేశాడు. "ఆ రోజు నువ్వెక్కడ పని చేసేదానివి?" అని ఒక్కసారి అడిగుంటే చెప్పేసేదాన్నని నాకు నేను చెప్పుకునేదాన్ని. అడగలేదు కాబట్టి చెప్పలేదు. అప్పట్లో నేను రాసింది తప్పని నాకు తెలియదు, వదినా. నిజంగా అన్నయ్యే చేశాడనుకున్నాను. జూన్‌లో సీలు చింపాకే తెలిసింది.

ఏం శిక్ష వేసినా సరే.

మహతి


రామచంద్రపురం
సెప్టెంబరు 2

శ్రీమతి మహతి గారికి,

మీ ఉత్తరం అందింది.

ఒక్క సంగతి అడుగుతాను. డిస్కు మీద పేరు లేదని, అంకె మాత్రమే ఉందని రాశారు. ఆ డిస్కులో మా అమ్మాయి ఫోటోలు నాలుగు వందల పన్నెండు ఉన్నాయని మీరే లెక్కపెట్టి పంపారు. అప్పుడు ఆ ఫోటోల పేర్లు కూడా చెడిపోలేదు. ఆ రోజు మీకు అవి కనపడలేదా?

సీతామహాలక్ష్మి


ఫిల్మ్‌నగర్
సెప్టెంబరు 20

వదినా,

నన్ను మీరని రాశావు. చదువుతుంటే ఎవరి ఉత్తరమో నా చేతికి వచ్చినట్టు అనిపించింది. కానీ సరైన చోటే వేలు పెట్టావు.

కనపడ్డాయి. 'చిన్ని' అనే ఫోల్డరు ముందే కనపడింది. ఫోటోల రకం సరిచూడడానికి ఒకటి తెరవడానికి మాకు అనుమతి ఉంది. తెరిచాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏడుస్తున్న పిల్ల. ఏడో నంబరు ఎవరిదో ఆ క్షణంలోనే నాకు తెలుసు. పోయినసారి రాసిన ఉత్తరంలో కూడా దాచాను చూడు. తప్పు ఒప్పుకుంటూనే దాని కొస ఒకటి చీరకొంగులో ముడేసుకున్నాను.

అయినవాళ్ల డిస్కు వస్తే లేచి, పక్కవాళ్లకి ఇచ్చెయ్యాలి. అది నియమం. లేవలేదు. లేస్తే అది మా అన్నయ్యదని అందరికీ తెలుస్తుంది. కూర్చున్నాను. ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ చదివాను. ఇంకో ఎనిమిది బైట్లు. ఒక్క చూపు అంతే. కళ్లు కొద్దిగా కుడివైపు జరిపితే చాలు. ఆ కుడివైపు ఏదో గుమ్మం ఉన్నట్టు, దాన్ని దాటడం అంటే అన్నయ్యని తప్పించే దారి వెతకడమే అన్నట్టు అనిపించింది. వేరేవాళ్ల డిస్కయితే ఇంత వెతుకుతానా అని నన్ను నేను అడిగాను. వెతకననుకున్నాను. అది కూడా అబద్ధమే. మిగతా ఎనిమిది డిస్కుల్లో పన్నెండు బైట్లూ చదివాను.

చిన్నప్పుడు కాకినాడలో అన్నయ్య ట్యూషన్ ఎగ్గొట్టి రైలుకట్ట దగ్గర చప్పుళ్లు వింటూ కూర్చునేవాడు. మాస్టారు ఇంటికొస్తే, "వాడు లైబ్రరీలో ఉన్నాడని మాస్టారికి చెప్పవే" అని అమ్మ నన్ను పంపేది. చెప్పేదాన్ని. ఒకసారి పట్టుబడితే బెత్తం దెబ్బలు నాకే పడ్డాయి. ఇది సాకుగా రాయడం లేదు. ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో నీకు తెలియాలని రాస్తున్నాను.

పోయిన వారం సంఘం ఆఫీసుకి వెళ్లాను. ఇప్పుడు వరప్రసాద్ గారని కార్యదర్శి. టీ తెప్పించి మర్యాదగా విన్నారు.

"ఇప్పుడెందుకమ్మా ఇది? ఆ సినిమా తీసినాయనకే ఆ సినిమా గుర్తులేదు."

"మా అన్నయ్యకి గుర్తుందండీ."

"మీరే చూసి, మీరే రాసి, మీరే తప్పంటున్నారు. రేపు ఏ ఫైలు గురించి మీరేం చెప్పినా మేం ఏం నమ్మాలండీ?"

"నమ్మక్కర్లేదండీ. ఈ డిస్కు మీ మనిషినే చూడమనండి. పన్నెండు బైట్లు చదవమనండి, చాలు."

ఆయన టీకప్పు పక్కన పెట్టి, "రవిచంద్ర మీకు సొంత అన్నయ్యా?" అన్నారు. అవునన్నాను. "అది కూడా రాయండమ్మా" అన్నారు. రాశాను. అది మా అన్నయ్యదని తెలిసీ చూశానని, తెలిసీ లేవలేదని రాసి సంతకం పెట్టాను.

మా స్టూడియోలోనూ చెప్పాను. "కొన్నాళ్లు సంతకాలు వేరేవాళ్లు పెడతారు మేడమ్, మీరు జస్ట్ రివ్యూ చెయ్యండి" అన్నారు. నా బల్ల కిటికీ నుంచి లోపలి గదికి మార్చారు. అక్కడ ఏసీ రొద తప్ప ఏమీ వినపడదు. అదీ ఒక చప్పుడేనని ఇప్పుడు వింటున్నాను.

మహతి


రామచంద్రపురం
అక్టోబరు 14

మహతికి,

సంఘం నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. నా బడికి కాదు, షాపుకే వచ్చింది. మీ అన్నయ్యే సంతకం పెట్టి తీసుకున్నారు. వాళ్లు ఇంకో మనిషి చేత చూపించారట. ఆనాటి తీర్మానం రద్దు చేశామని, కార్డు మళ్లీ ఇస్తామని రాశారు. కింద నీ కాగితం నకలు జతచేశారు. నేను చెప్పకుండానే ఆయనకంతా తెలిసిపోయింది.

చదివి, మడిచి, నా చేతికిచ్చి, అమ్మవారి జాతరకి పంపాల్సిన స్పీకరు ఒకటి విప్పుతూ కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ చెల్లెలండీ! మీ తోడబుట్టింది!" అన్నాను.

"తెలుసు" అన్నారు.

"ఇప్పుడు తెలిసింది కదా, ఏమంటారు?"

"ఇప్పుడు కాదు సీతా. అప్పుడే తెలుసు."

మహతీ, ఆ స్పీకరు పక్కకి లాగేసి, అంతా చెప్పమన్నాను. నంబర్లు వేసిన డిస్కుల పెట్టె దించడానికి నిర్మాతల మనిషితో పాటు ఆ బంజారాహిల్స్ ఆఫీసుకి ఆయనా వెళ్లారట. కింద కూర్చోబెట్టారట. పైఅంతస్తులో ఎవరో నడుస్తుంటే విన్నారట. ఎడమకాలు కొద్దిగా ఈడ్చి వేసే నడక, చిన్నప్పుడు నీ కాలు విరిగి అతుక్కున్నాక వచ్చిన నడక. నువ్వు అక్కడే పని చేస్తున్నావని ఆ రోజే తెలిసిందట.

మరి నోరెందుకు విప్పలేదని అడిగాను. "మన మహతి చూస్తోంది కదా, సరిగ్గా చూస్తుంది అనుకున్నా. సంఘంలో ఆ కాగితం చదివినప్పుడు, పొరబాటు పడింది, మర్నాడు తనే వచ్చి దిద్దుతుంది అనుకున్నా. వారం చూశా" అన్నారు. గుమ్మం ఎదురుగా కుర్చీ ఎందుకు వేసుకున్నారో పన్నెండేళ్లకి నాకర్థమైంది.

మర్నాడు కాఫీ తాగుతూ, నేనడక్కుండానే ఇంకోటి అన్నారు. "నేను కాదంటే, పరీక్ష చేసింది నా చెల్లెలేనని బయటపడేది. దాని ఉద్యోగం పోయేది. అప్పుడది ఒంటరిది." ఇందులో ఏది నిజమండీ అన్నాను. "ఒక్కో రోజు ఒక్కోటి" అన్నారు.

నీ మీద నా కోపం పోలేదు. అబద్ధం చెప్పను. కానీ చిన్నికి ఆ కాగితం చేతికిచ్చాను. చదివి, వాళ్ల నాన్న దగ్గరికెళ్లి, "నాకు తెలీదు అన్నాను కదా ఆ రోజు, సారీ నాన్నా" అంది. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, అంత పిల్లనీ ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. ఆ దృశ్యం నువ్వు రాసిన కాగితం వల్లే చూశాను. అది కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

హైదరాబాదు వస్తారా అంటే, "ఇప్పుడు ఆ గుట్ట ఉందో లేదో" అన్నారు, అంతే. నిన్ను రమ్మని ఆయన అనలేదు. వద్దనీ అనలేదు. నేను రమ్మంటున్నాను. రా. తిట్టాలి నిన్ను. ఉత్తరంలో తిడితే నాకు సరిపోవడం లేదు.

వదిన


వెంగళరావు నగర్, హైదరాబాద్
నవంబరు 3

వదినా,

సెలవు పెట్టి ఇంటి నుంచి రాస్తున్నాను. శుక్రవారం బయల్దేరుతున్నాను. ద్వారపూడిలో దిగి బస్సెక్కుతాను. ఎవరూ ఎదురు రావద్దు.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒక దృశ్యం నన్ను వదలడం లేదు. నేను పైఅంతస్తులో నడుస్తున్నాను. కింద అన్నయ్య తల పైకెత్తి వింటున్నాడు. మా ఇద్దరి మధ్య సిమెంటు కప్పు ఒక్కటే. నాకు తెలియదు, అతనికి తెలుసు. మగతగా ఉన్న మధ్యాహ్నాల్లో ఆ నడక నాకూ వినిపిస్తోంది. అది నాది కాదు, ఇంకెవరిదో అన్నట్టు ఉంటుంది. ఆవిడ నడిచి వెళ్లి, కుర్చీలో కూర్చుని, తెర వైపు చూసి, ఆగిపోతుంది. ప్రతిసారీ కళ్లు కుడివైపు జరుగుతాయేమోనని చూస్తాను. జరగవు.

అన్నయ్య నన్ను ఏమీ అడగడని నాకు తెలుసు. అందుకే నేనే చెప్పాలని రైల్లో వల్లెవేసుకోవడానికి ఒక వాక్యం తయారు చేసుకున్నాను. "నీ పక్షం వహించకూడదని ఆగాను." బాగానే ఉంది. రాసి చూస్తే మంచి మనిషి మాటలా ఉంది. అందుకని కొట్టేశాను. "నా ఉద్యోగం పోతుందని ఆగాను." ఇదీ రాశాను. ఇది కూడా పూర్తి నిజం కాదు. ఆ క్షణంలో ఉద్యోగం నాకు గుర్తు రాలేదు. "నువ్వే చేసుంటావని నాకు అనిపించింది, అలా అనిపించడం కొంచెం హాయిగా కూడా ఉంది." ఇది రాశాక పెన్ను పక్కన పెట్టేశాను. ఇదే నిజమేమోనని భయమేసింది. తర్వాత, భయమేసింది కాబట్టి నిజమే అయ్యుంటుందని అనుకోవడం కూడా నాకు నేను వేసుకునే వేషమేమో అనిపించింది.

ఏ ఫైలు ఏదో చెప్పడం నా వృత్తి. పేరు పోయినా, పట్టిక చెడినా, పన్నెండు బైట్లు ఇస్తే చెబుతాను. ఆ రోజు నా చెయ్యి ఎందుకు ఆగిందో మాత్రం చెప్పలేను. న్యాయం కోసమో, పిరికితనం వల్లో, అన్నయ్య మీద పాత కోపంతోనో, నాకు ఇప్పటికీ తేలలేదు. తేలాక వద్దామనుకుంటే ఎప్పటికీ రాలేను. అందుకే తేలకుండానే వస్తున్నాను.

మహతి